అవయవి పుట్టిననాడే మృత్యువు

చేయి కదలినపుడు దేహము కదలినట్లా, కదలనట్లా? ఈ చిన్న ప్రశ్నతో బౌద్ధ తార్కికులు నైయాయికులను శతాబ్దములపాటు నిలవేసిరి. అవయవములన్నింటికంటె వేఱుగా, వానియందే సమవాయ సంబంధముచేత నిలిచియుండు 'అవయవి' అను నొక వస్తువు కలదని న్యాయవైశేషికుల సిద్ధాంతము. దారములకంటె వస్త్రము వేఱు, కపాలములకంటె ఘటము వేఱు, కరచరణాదులకంటె శరీరము వేఱు. అట్లయినచో, చేయి కదలి కాలు కదలకున్న సమయమున, ఒక్కటియే యైన ఆ శరీరము ఏకకాలమునందే చలించుచును చలింపకయు నుండవలసివచ్చును గదా, పరస్పర విరుద్ధములైన ధర్మములు రెండు ఒక్క వస్తువునందెట్లు పొసగునని ధర్మకీర్తి సంప్రదాయమువారి యాక్షేపణ. పండిత అశోకుడు అవయవిని నిరాకరించుటకే ప్రత్యేకముగా నొక గ్రంథము రచించెను. న్యాయసూత్రకారుడగు గౌతముడు మాత్రము అంతకు చాల పూర్వమే, అవయవి యన్నది లేనిచో ఒక కొన పట్టి లాగినపుడు వస్తువంతయు వెంట వచ్చుట ఎట్లు సంభవించునని యడిగి, ధారణాకర్షణములను తన పక్షమునకు సాక్ష్యముగా చూపియుండెను.

ఈ వివాదము తాళపత్రములతోనే ముగిసినదని నేను తలపను. 1838, 1839 సంవత్సరములలో ష్లైడెన్, ష్వాన్ అను జర్మను శాస్త్రజ్ఞులు వృక్షములును జంతువులును కణనిర్మితములని ప్రతిపాదించిన పిమ్మట, ఈ ప్రశ్న మునుపటికంటె పదును దేఱినది. మఱి కొంతకాలమునకు రుడాల్ఫ్ విర్కో అను వైద్యుడు, కణమెల్ల కణమునుండియే పుట్టునని చాటి, దేహమును పౌరులతో గూడిన రాజ్యముగా వర్ణించెను. మనుష్యదేహమున కణములు సుమారు 30 లక్షల కోట్లు కలవని నేటి గణన. ఇవి దారములవలె జడములు గావు. ఇంచుమించుగ ప్రతి కణమును తన యాహారమును తాను గ్రహించుకొనును, తన శక్తిని తాను పుట్టించుకొనును. పెక్కు కణములు తమ్ము తాము రెండుగా విభజించుకొనగలవు. వీని పూర్వులు వందల కోట్ల సంవత్సరములు జలములలో ఏకాకులై బ్రతికి, ఆహారముకొఱకు తమలో తాము పోటీపడి, ఎక్కువగా వృద్ధిపొందినదే నిలుచునను నియమమునకు లోబడి వచ్చినవి. వస్త్రమగుటకు దారము సమ్మతింపవలసిన పనిలేదు. తన సంతతిని పెంచుకొనుటయే స్వభావముగా గల జీవి యొకటి, ఆ సంతతిని విడిచిపెట్టి మఱియొక దానికి అవయవమగుటకు ఎట్లు లోబడినది? అవయవి కలదా లేదా యని మన పూర్వులు వాదించిరి. అవయవి ఎట్లు పుట్టినదని యడుగు భాగ్యము మనకు లభించినది.

అది యొక్కమాఱు పుట్టినది గాదు. జీవచరిత్రలో ఏకకణములు బహుకణజీవులుగా మారుట వేర్వేఱు వంశములలో, ఒకదానితోనొకటి సంబంధము లేకుండ, 25 మారులకు తక్కువ గాకుండ జరిగినదని శాస్త్రజ్ఞుల యభిప్రాయము. జంతువులది యొక త్రోవ, భూమిమీది మొక్కలది యొక త్రోవ, పుట్టగొడుగులది వేఱొకటి, సముద్రపు గోధుమవర్ణ శైవలములది మఱియొకటి. జంతుకోటికి అత్యంత సన్నిహితబంధువులైన ఏకకణజీవులు నేటికిని నీటిలో కలవు; ఒక్క కశాభమును, దాని మొదట చుట్టును దడికట్టినట్లు నిలిచిన సన్నని పోగులును వాని గుఱుతు. స్పంజికలోని కొన్ని కణములకును అట్టి రూపమే యున్నదని 1866లోనే జేమ్స్ క్లార్క్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు గమనించెను. 2008లో ఈ జాతిలో నొకదాని జన్యురాశిని పూర్తిగా చదివినపుడు, మన దేహమున కణమును కణముతో బంధించు కాడ్‌హెరిన్ అను ప్రొటీనుల వంశమువి ఆ యేకాకి జీవియందే కానవచ్చినవి. అనగా, కలసియుండుటకు కావలసిన సాధనములు కలసియుండుటకంటె ముందే పుట్టియుండినవి. 1907లో విల్సన్ అను శాస్త్రజ్ఞుడు సజీవమైన స్పంజికను సన్నని పట్టుగుడ్డలోనుండి పిండి, కణములు దేనికది విడిపోవునట్లు చేయగా, అవి నీటి యడుగున ప్రాకి, ఒకదానినొకటి చేరి, మరల స్పంజికలైనవి. విప్పిన దారములు తమంత తాము వస్త్రమగుటను గౌతముడు చూచియుండలేదు.

అయినను, కూడియుండుట వేఱు, అవయవియగుట వేఱు. ఈ రెంటికి నడుమనున్న దూరమును కన్నులార చూడవలెనన్నచో వోల్వాక్స్ అను పచ్చని శైవలమును మించిన నిదర్శనము నాకు కానరాదు. 1700 ప్రాంతమున డచ్చి దేశీయుడగు లీవెన్‌హుక్ తన సూక్ష్మదర్శినిలో, నీటిబొట్టున తనంత తాను దొర్లుచు పోవు ఈ గోళములను చూచి విస్మయమొందెను. మన ప్రాంతమునకు ఇది క్రొత్తది గాదు. దక్షిణభారతమున ఈ వంశపు శైవలములనుగూర్చి మద్రాసున ఎం. ఓ. పార్థసారథి అయ్యంగారు చేసిన పరిశోధన 1933లోనే లండనులోని లిన్నియన్ సొసైటీ పత్రికయందు ప్రకటితమైనది. వానలు కురిసి నిలిచిన మంచినీటి గుంటలలో, కంటికి పచ్చని నలుసువలె కనబడు ఈ జీవిలో ఒక జాతియందు సుమారు 2000 చిన్న కణములు గోళమునకు పైపొరగా నిలిచి, ఒక్కొక్కటి రెండేసి కశాభములను ఆడించుచు, గోళమును వెలుతురువైపు నడుపును. లోపల, పదునాఱుకు మించని పెద్దకణములు కశాభములు లేక, ఈదక, పెరుగుటయే పనిగా నుండును. పెద్దకణములలో ప్రతియొక్కటియు విభజనమొంది, తల్లిగోళముయొక్క కడుపులోనే పిల్లగోళమగును. పిల్లలు కొంత పెరిగి తల్లిపొరను చీల్చుకొని బయటికి పోవును. ఆ పొరలోని రెండువేల చిన్నకణములు, విభజనశక్తి లేనివి గావున, సంతానము లేకయే, కొలది దినములలో జీర్ణించి నశించును.

దీని బంధువుల వరుస నంతటిని మనము నేటికిని చూడవచ్చును. క్లామిడోమోనాస్ అనునది ఏకాకి. గోనియం అనునది సామాన్యముగా పదునాఱు కణములకు మించని చిన్న పలక. అందలి ప్రతికణమును ఈదును, ప్రతికణమును సంతానము కనును. యూడోరైనాలో సామాన్యముగా ముప్పదిరెండు. అందును అన్నియు సమానములే. ప్లియోడోరైనాలో మొదటిసారిగా కొన్ని కణములు సంతానమును వదలుకొనును. ఇట్లేల జరుగవలెను? కశాభమును నడుపు మూలాంగమే కణవిభజన సమయమునను అవసరమగుటచేత, ఈ వంశపు కణమునకు ఈదుటయు విభజించుటయు ఏకకాలమున చాలసేపు సాగవు. ఏకాకికి ఇది పెద్దకష్టము గాదు, కొంతసేపు ఈదును, పిమ్మట విభజించును. గోళము పెద్దదైనకొలది విభజనకు పట్టు కాలము పెరుగును. ఆ కాలమంతయు ఈదువారు లేనిచో గోళము వెలుతురును వీడి అడుగునకు దిగిపోవును. కావున కొందఱు ఎల్లప్పుడును ఈదుటకే నిలువవలసివచ్చినది.

ఇందు నన్నెంతయో ఆలోచింపజేసిన విషయమొకటి కలదు. వోల్వాక్స్ చిన్నకణములయందు పెరుగుదలను అణచిపెట్టి వానిని సంతానవిముఖులుగా నిలుపునది రెగ్‌ఏ అను నొక జన్యువు. అది చెడిపోయినచో ఆ కణములు ఈత మానివేసి, పెరిగి, సంతానము కనుటకు ఉద్యుక్తమగును. ఈ జన్యువు ఎచటనుండి వచ్చినదని వెదకినవారికి, దాని జ్ఞాతి యొకటి ఏకాకియైన క్లామిడోమోనాస్‌లోనే కనబడినది. వెలుతురు చాలనపుడు, ఆహారము కొఱవడినపుడు, ఇప్పుడు సంతానమునకు సమయము గాదు, ప్రాణము నిలుపుకొనవలెనని కణము తన వృద్ధిని ఆపుకొను సందర్భములలో అట్టి జన్యువు పనిచేయునట. గడ్డుకాలమున కొన్నాళ్లు పట్టి, కాలము మంచిదైన పిమ్మట విడువదగిన వ్రతమే, గోళమున పైపొర కణములకు యావజ్జీవవ్రతమైనది. ఒక్క జీవి ఒకప్పుడు చేసి మఱియొకప్పుడు మానునట్టి పనిని, ఇద్దఱు జీవులు పంచుకొనిరి. క్రొత్తగుణమేదియు ఆకాశమునుండి ఊడిపడలేదు. పాతగుణమే కాలమునుండి స్థలమునకు మారినది.

ఇక మృత్యువు మాట. మహాభారతమున శాంతిపర్వమున ధర్మరాజు, యుద్ధమున కూలిన వీరులను తలచి, మృత్యువెవరు, ఎచటనుండి వచ్చెనని భీష్ముని అడుగును. కుమారుని కోల్పోయిన యొక రాజునకు నారదుడు చెప్పిన కథను భీష్ముడపుడు వినిపించును. బ్రహ్మ ప్రజలను సృజింపగా వారు చావులేక పెరిగిపెరిగి భూమికి భారమైరి. బ్రహ్మకోపము అగ్నియై లోకమును దహింపజొచ్చెను. రుద్రుని ప్రార్థనచేత బ్రహ్మ ఆ కోపమును ఉపసంహరింపగా, ఆయన యింద్రియములనుండి యొక స్త్రీ పుట్టెను. ఆమెయే మృత్యుదేవి. ప్రజలను సంహరింపుమన్న యాజ్ఞ విని యామె ఏడ్చినది. ఆమె ఎన్నియో యేండ్లు తపస్సు చేసి, ఈ పని నాకు వలదని వేడుకొనెను. తుదకు ఆ కన్నీటిబొట్లే వ్యాధులైనవి. ఆమెకు అధర్మము అంటదని బ్రహ్మ అభయమిచ్చెను. ప్రపంచ వాఙ్మయమున మృత్యువును ఇంతటి కరుణతో చూచిన కథ మఱియొకటి యున్నదో లేదో నేనెఱుగను. మృత్యువిందు పాపఫలము గాదు, శిక్ష గాదు. జీవులు అధికమగుటవలన పుట్టిన యవసరము.

జీవశాస్త్రము చెప్పు కథ దీనికి దగ్గఱదియే గాని, ఒక్కచోట త్రోవ మార్చును. ఏకకణజీవి ఆకలిచేత, ఎండచేత, శత్రువుచేత చచ్చుట ఆదినుండియు నున్నదే. కాని ఏ యాపదయు రానిచో అది రెండగును. తల్లి యేది, బిడ్డ యేది యనుటకు వీలులేకుండ, శవము మిగులకుండ, జీవము ముందునకు సాగును. 1881లో ఆగస్ట్ వైస్మన్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ఈ యంశమును పట్టుకొని, వార్ధక్యమరణము జీవమునకు సహజధర్మము గాదనియు, దేహకణములు బీజకణములనుండి వేఱుపడిన పిమ్మట వచ్చినదనియు వాదించెను. 1892లో తన బీజద్రవ్య సిద్ధాంతమును సంపూర్ణముగా వెలువరించెను. ఆయన మాటలో కొంత అతిశయము కలదు. బాక్టీరియములలో సైతము విభజనానంతరము ఒక సగము మఱియొక సగముకంటె ముదిరిపోవుట 2005లో గమనింపబడినది. అయినను మూలసత్యము నిలిచియే యున్నది. గోనియం పలక విడిపోయినపుడు శవము లేదు, కణములన్నియు తల్లులే. పిల్లలు పోయిన వెనుక మిగిలిన వోల్వాక్స్ పొర మాత్రము శవము. మృత్యుదేవి జీవుల గుంపు పెరిగినందువలన గాదు, ఆ గుంపులోని కొందఱు ఇతరులకొఱకు పనిచేయ మొదలిడినందువలన పుట్టినది. దేహమున్నచోటనే దేహాంతము. మన మరణము, మనమొక్కటియైనందులకు చెల్లించుచున్న వెల.

ఈ వాక్యమును విని, ఆహా, ప్రకృతియంతయు త్యాగమయము, కణకణమును యజ్ఞము చేయుచున్నదని పరవశించువారు కలరు. నేను వారితో సగముదూరము మాత్రమే పోగలను. ఆరంభమున ఎట్టి ఉదాత్తతయు కానరాదు. 2012లో మిన్నెసోటా విశ్వవిద్యాలయమున రాట్‌క్లిఫ్, ట్రవిసానో అను శాస్త్రజ్ఞులును వారి సహచరులును, రొట్టెలు పొంగించు ఈస్టును ద్రవములో పెంచి, ప్రతిదినమును త్వరగా అడుగునకు దిగినవానినే మఱునాటికి విత్తనముగా ఉంచుచు వచ్చిరి. 60 దినములలో, పిల్లకణము తల్లినుండి విడివడక అంటుకొనియే యుండు గుత్తులు వెలసినవి. అంత సులభముగా! విడిపోవు శక్తి చెడిపోవుటయే కూడియుండుటకు మొదటిమెట్టు. పారమీసియం వంటి వేటజీవి యెదుట పెంచగా క్లామిడోమోనాస్ కణములును ఇట్లే గుంపులు కట్టినవి. మ్రింగరానంత పెద్దదియగుటయే వానికి రక్ష. న్యాయసూత్రము చెప్పిన ధారణాకర్షణములు ఈస్టుగుత్తియందు చక్కగా చెల్లును, ఒక కణమును లాగినచో గుత్తియంతయు వచ్చును. అయినను అది యవయవి యనుటకు నా మనస్సు ఒప్పదు.

ఏలయన, కూడుట కంటె కూడిన పిమ్మట మోసమును నివారించుట కష్టము. 1933లో కెన్నెత్ రేపర్ అను శాస్త్రజ్ఞునకు ఉత్తర కరోలినా అడవిలోని కుళ్లిన ఆకులనడుమ డిక్టియోస్టీలియం అను నొక విచిత్రజీవి దొరికినది. ఆహారమున్నంతవఱకు దీని కణములు అమీబాలవలె దేని దారిన అది బాక్టీరియములను తినుచు నుండును. ఆహారము తీరగానే ఒకదానినొకటి రసాయన సంకేతముచే పిలిచికొని, వేలకొలది యొక్కచో చేరి, చిన్న నత్తవంటి ఆకృతిగా ప్రాకి, ఒక తావున నిలిచి, కాడయు దానిమీద సిద్ధబీజముల గుండును అగును. అయిదింట ఒక వంతు కణములు కాడయై, గట్టిపడి, చచ్చును. తక్కినవి పైనెక్కి, గాలికో పురుగుకో చిక్కి, క్రొత్తచోట బ్రతుకును. ఇచట గుంపు నలుదిక్కులనుండి వచ్చినది, ఒక తల్లి బిడ్డలని నిశ్చయము లేదు. రెండు వంశములవి కలసినపుడు ఒక వంశము కాడలో తన పాలు తగ్గించుకొని గుండులో ఎక్కువ చోటు సంపాదించు మోసము 2000 సంవత్సరమున స్ట్రాస్‌మన్, క్వెల్లర్ ప్రభృతులచే నిరూపితమైనది. త్యాగమున్నచోట త్యాగమును తినిబ్రతుకు వాడును పుట్టును. ప్రకృతిని కేవలము కోఱలుగా చూచువాడు వోల్వాక్స్‌ను మఱచును. కేవలము పొత్తుగా చూచువాడు ఈ కాడను మఱచును.

మోసమునకు జీవము కనుగొన్న మందు ఒక్క కణము. ఏనుగైనను, మఱ్ఱిచెట్టైనను, ఎంతటి మహాకాయమైనను ప్రతితరమునను ఒక్క సంయుక్తబీజముగుండ పోయి తీరవలసినదే. ఇంత పెద్ద దేహమును ఇంత చిన్న ద్వారముగుండ దూర్చుట వృథాశ్రమగా తోచును గాని, ఆ ద్వారమున దూరిన పిమ్మట పుట్టిన కణములన్నియు ఒకే జన్యురాశి గలవి. ఒకదాని నష్టము మఱియొకదాని లాభమైనను వంశమున మిగులునది యొక్కటియే. ఈ తర్కమును 1964లో హామిల్టన్ అను యువశాస్త్రజ్ఞుడు గణితరూపమున నిలిపెను: ఉపకారము పొందువానితో రక్తసంబంధము ఎంత దగ్గఱదైన, అంత యెక్కువ నష్టమునకు ఓర్చుట ప్రకృతిలో నిలువగలదు. అంతకుమునుపే, 1955లో, జె. బి. ఎస్. హాల్డేన్ అను మేధావి యీ భావమును సూచించియుండెను; మునిగిపోవు సహోదరుని రక్షించుటలో ఎంత అపాయమునకు తెగించిన లెక్క సరిపోవునో, దూరపు బంధువు విషయమున ఆ లెక్క ఎట్లు మారునో ఆయన చర్చించెను. దేహమున కణములకు ఈ లెక్క సులభము. అన్నియు ఒక్కటే బంధువు.

అయినను ద్వారమొక్కటి చాలదు, కావలియు కావలెను; ఒక్క కణమునుండి వచ్చినవైనను విభజనలో జన్యువులు మారును, మారినవానిలో కొన్ని పూర్వపు ఏకాకి స్వభావమునకు తిరిగిపోవును. దానినే మనవారు రాచపుండు అనిరి. రాచపుండు దేహమునకు వెలుపలనుండి వచ్చిన శత్రువు గాదు. దేహముకంటె ప్రాచీనమైన జీవనీతి, తానొక్కటే పెరుగుట, దేహములో మరల తలయెత్తుట. మన కణములలో జన్యువు చెడినపుడు విభజనను ఆపి, అవసరమైనచో ఆ కణమునే చంపించు పి53 అను ప్రొటీను 1979లో తెలియవచ్చినది. మనకు దాని జన్యువు ఒక జత యుండగా ఏనుగునకు అట్టివి 20 జతలవఱకు కలవు, దేహమెంత పెద్దదో కావలియు అంత. ఈ కావలి తప్పినపుడు వైద్యుడు చేయు యుద్ధమున, భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పాలు మఱవరానిది. విభజించు కణమునకు ఫోలిక్ ఆమ్లము ఆవశ్యకము. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వమున దానిని కృత్రిమముగా తయారుచేసిన బృందము, దానిని పోలి దాని పనిని అడ్డగించు పదార్థములనుగూడ తయారుచేసినది. 1948లో బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు అట్టి మందొకదానితో రక్తకేన్సరుపాలైన పసిబిడ్డలకు మొదటిసారిగా కొంతకాలమైనను ఊరట కలిగించినట్లు ప్రకటించెను. ఆ సంవత్సరమే సుబ్బారావుగారు స్వర్గస్థులైరి.

అమృతత్వమును కోరు మనుష్యుడు ఇచట ఒక్కక్షణము నిలిచి ఆలోచింపవలెను. దేహములో అమరత్వము పొందగల కణములు రెండు తెగలు. ఒకటి బీజకణము, అది తన్ను మఱియొకరిలో కలుపుకొని, సగమును వదలి, తానుగా మిగులక తరమునుండి తరమునకు సాగును. రెండవది రాచపుండు కణము. 1951లో బాల్టిమోరు నగరమున హెన్రియెట్టా లాక్స్ అను పేదస్త్రీ దేహమునుండి, ఆమెకు తెలియజేయకయే తీసిన వ్రణకణములు, ఆమె ఆ యేడే మరణించినను, నేటికిని ప్రయోగశాలలలో పెరుగుచునే యున్నవి. కుక్కలలో ఒకదానినుండి మఱియొకదానికి అంటు నొక వ్రణము, వేల యేండ్లక్రిందట చచ్చిన యొక కుక్క కణములసంతతియే. చావక మిగులవలెనని పట్టుపట్టిన యవయవము అవయవిని చంపును. నిత్యత్వముకొఱకు అహంకారము చేయు ప్రయత్నమునుగూర్చి మన వేదాంతులు చెప్పినదానికి ఇంతకంటె భయంకరమైన దృష్టాంతము నాకు తెలియదు. అయితే దీనిని ఋజువు అనరాదు. కణమునకు అహంకారము లేదు. దృష్టాంతము మాత్రమే.

మఱి మంచిచావు మాట గూడ చెప్పవలెను. తల్లికడుపున శిశువుయొక్క చేయి మొదట తెడ్డువలె నుండును. వ్రేళ్లనడుమ నున్న కణములు తమంత తాము ముడుచుకొని నశించుటచేతనే వ్రేళ్లు విడివడును. ఒకానొక చిన్న నులిపురుగు పెరుగుదలలో 1090 కణములు పుట్టి, వానిలో సరిగా 131 నిర్ణీతస్థలమున, నిర్ణీతసమయమున మరణించును. ఈ లెక్కను తేల్చి దాని జన్యువులను కనుగొన్నవారికి 2002లో నోబెల్ బహుమానము లభించినది. ఇట్టి మరణములో ఆజ్ఞను చాలమారులు అమలుపఱచునది కణమునకు శక్తిని సమకూర్చు మైటోకాండ్రియా. అదియో, లిన్ మార్గులిస్ అను శాస్త్రజ్ఞురాలు 1967లో వాదించి తుదకు ఒప్పించినట్లు, ఒకప్పుడు స్వతంత్ర బాక్టీరియమై కణములో చొచ్చిన యతిథి. కణమును పోషించు చేయియే దాని మరణశాసనమును గూడ పట్టుకొనియున్నది.

ఇప్పుడు నైయాయికుని కడకు తిరిగి పోవుదము. అవయవి కలదని నేను నమ్ముచున్నాను గాని, ఆయన చెప్పిన విధమున గాదు. సమవాయమను నిత్యసంబంధముచే సిద్ధించిన వస్తువు గాదు దేహము. కష్టపడి సాధించి, క్షణక్షణమును కాపాడుకొనవలసిన సంధి. బౌద్ధుని ఆక్షేపణకును ఇందు సమాధానము కలదు: అవయవములన్నియు ఒక్కసారిగా కదలుటచేత దేహ మొక్కటి కాదు, ఒకటి కదలకున్నను, ఒకటి చచ్చినను, ఆ చావు దేనికొఱకో దానికి చెందుటచేత ఒక్కటి. ఛాందోగ్య బృహదారణ్యకోపనిషత్తులలో వాక్కు, చక్షువు, శ్రోత్రము, మనస్సు మాలో శ్రేష్ఠులెవరని కలహించి, ఒక్కొక్కటియే యేడాది విడిచిపోయి చూచినవి. తుదకు ప్రాణము లేవబోగా అన్నియు కదలిపోయినవి. ఆ ప్రాణమునకు ప్రత్యేకమైన గోళకము లేదు, రాజైన కణమెచటను లేదు. మెదడు పుట్టకముందే పిండము తన్ను తాను కట్టుకొనినది. 'నేను' అనునది ఆ కట్టడమునకు చాల ఆలస్యముగా వచ్చినది. వచ్చి, ఆ కట్టడమంతయు తనదని తలచుచున్నది.

దేహమును చూపి సంఘమునకు నీతి చెప్పుట ప్రాచీనమైన యలవాటు. రోమునగరమున సామాన్యులు అలిగి వెడలిపోయినపుడు మెనేనియస్ అగ్రిప్ప అను పెద్ద, కడుపుమీద అలిగిన అవయవముల కథ చెప్పి వారిని మరల్చెనని రోమను చరిత్రకారుడు లివీ వ్రాసెను. పురుషసూక్తమున ముఖబాహూరుపాదములనుండి వర్ణములు పుట్టినవని చెప్పిన భాగమును చూపి, పాదమునుండి పుట్టినవాడు పాదమువలె నుండవలెనని శతాబ్దములపాటు మనదేశమున శాసించిరి. దేహశాస్త్రము ఈ వాదమునకు ఒక్క రేకైనను ఆధారమీయదు. పాదమున నున్న కణమును కంటిలోని కణమును ఒక్క బీజమునుండియే వచ్చినవి, ఒకే జన్యురాశిని మోయుచున్నవి. పాదకణము పాదమైనది పుట్టుకచేత గాదు, నిలిచిన చోటిచేతను, అందిన సంకేతముచేతను. పైగా దేహకణమునకు ఇతరుల సంతానమే తన సంతానము. ఊరి చివర పాకలో పుట్టిన మనుష్యునకు, తన పిల్లలు ఆకలిగొన్నపుడు, పైమేడ వానికి పిల్లలు కలిగిరను మాట ఏమి యూరట? కావున ఒకరు కాడయై, ఒకరు గుండై యుండుడని మనుష్యులకు దేహమును చూపి బోధించుట తర్కదోషమే గాక ఘోరమైన అన్యాయము. మనుష్యుల సహకారము రక్తసంబంధముపై గాక ఒప్పుదలపై నిలువవలెను. కణమునకు లేనిది, మనుష్యునకు ఉన్నది, ఎఱిగి యిచ్చుట.

బంధుత్వపు లెక్కను ముందుగా సూచించిన హాల్డేన్, 1957లో తన దేశమును విడిచి భారతదేశమునకు వచ్చి, ఇచటి పౌరుడై, 1964 డిసెంబరు 1వ తేదీన భువనేశ్వరమున మరణించెను. వైద్యవిద్యార్థుల శిక్షణకును పరిశోధనకును ఉపయోగించుటకై తన దేహమును కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు పంపవలెనని ఆయన వీలునామాలో వ్రాసియుండెను. ఆ ప్రకారమే పంపబడినది.